కాళ్లకు తెలిసిన దారి

మా అపార్ట్‌మెంట్‌కి ఐదు అంతస్తులు, రెండు మెట్లదారులు. రెండో దారి కింద ఒక ఇనుప తలుపు. దానికి తాళం. కిందటేడు ఒక రాత్రి సెల్లార్‌లో మీటర్ల బోర్డు నుంచి పొగ లేచింది. పెద్ద ప్రమాదమేం కాదు, పావుగంటలో సద్దుమణిగింది. ఆ పావుగంటలో మొదటి మెట్లదారి నిండా పొగ కమ్మితే జనం రెండో దారికి మళ్లారు. తలుపు దగ్గర ఆగిపోయారు. తాళంచెవి ఏదయ్యా అని గార్డుని అడిగితే, "సెక్రటరీగారి దగ్గరుంది సార్" అన్నాడు. సెక్రటరీగారు కూతురి పురుడుకని డాలస్ వెళ్లి అప్పటికి నెల దాటింది.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రాత్రి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ తలుపుకి తాళం ఉండకూడదని మాలో తెలియనివాడు లేడు. మీటింగులో రెండుసార్లు అనుకున్నాం కూడా. ప్రమాదాల సంగతి ఎప్పుడూ ఇంతే. ఏం జరగొచ్చో ఊహించడం పెద్ద విద్యేమీ కాదు. కాస్త బుర్ర పెడితే ఎవరైనా ఊహిస్తారు. ఊహించినదాన్ని కాగితం మీంచి కాళ్లలోకి దింపడమే కష్టం. అక్కడే సంస్థలూ కూలబడతాయి, మనమూ కూలబడతాం. భద్రతే వృత్తిగా బతికేవాళ్ల కథలు రెండు చెబుతాను. ఒకటి కాగితం దగ్గరే ఆగిపోయిన కథ. రెండోది మెట్లు దిగిన కథ.

1972. పశ్చిమ జర్మనీలోని మ్యూనిక్‌లో ఒలింపిక్స్. 1936లో హిట్లర్ ఏలుబడిలో బెర్లిన్ ఒలింపిక్స్ జరిగాయి. ఆ మచ్చ చెరిపేసుకోవాలని నిర్వాహకులకు గట్టి పట్టుదల. తుపాకులు, యూనిఫాంలు కళ్లబడకూడదనుకున్నారు. క్రీడాగ్రామానికి కాపలాదారులకు లేత నీలం రంగు దుస్తులిచ్చారు, ఆయుధాలివ్వలేదు. చుట్టూ కంచె ఉంది గానీ, రాత్రి బయట తిరిగొచ్చిన ఆటగాళ్లు సరదాగా దాటేసేంత కంచె అది.

ఏమేం జరగొచ్చో రాసిపెట్టమని పోలీసుల తరఫున గియోర్గ్ జీబర్ అనే మనస్తత్వవేత్తను ముందే అడిగారు. ఆయన 26 పరిస్థితులు రాసిచ్చాడు. వాటిలో 21వది ఇలా ఉంది: తెల్లవారుజామున 5 గంటలకు పాలస్తీనా సాయుధులు కంచె దూకి, ఇజ్రాయెల్ ఆటగాళ్ల విడిదిలో చొరబడి, ఒకరిద్దరిని చంపి, మిగతావాళ్లను బందీలుగా పట్టుకుని, జైల్లో ఉన్న తమవాళ్లను వదలమనీ, విమానం ఇమ్మనీ అడుగుతారు. సెప్టెంబరు 5న దాదాపు అక్షరం పొల్లుపోకుండా అదే జరిగింది. తేడా అల్లా వాళ్లు ఇంకాస్త ముందే, నాలుగు దాటాక వచ్చారు.

ఆ కాగితాలేమయ్యాయి? మరీ అంత భయంకరమైనవి వద్దు, కొంచెం తేలికపాటివి రాయండన్నారు నిర్వాహకులు. మన ఆఫీసుల్లో, మన ఇళ్లలో ఈ మాట ఎన్నిసార్లు వినలేదు? "శుభమా అని మొదలుపెడుతుంటే అపశకునం మాటలేంటి?" ముందుచూపు ఉన్నవాడికి మొదట దక్కేది ఈ చీవాటే.

ఆ తర్వాత ఆ రోజంతా జరిగింది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పోలీసులు మేడ మీంచి లోపలికి దిగాలని చూశారు. ఆ దృశ్యం టీవీల్లో ప్రత్యక్షంగా వస్తోంది, బందీలున్న భవనంలోనూ టీవీలున్నాయి. ప్రయత్నం మానుకున్నారు. విమానం ఇస్తామని చెప్పి సాయుధులనూ బందీలనూ రాత్రి వాయుసేన స్థావరానికి చేర్చి, అక్కడ మాటువేశారు. వచ్చిన సాయుధులు ఎనిమిది మంది. గురిపెట్టి కూర్చున్న పోలీసులు ఐదుగురు. సాయుధులు అనుకున్నదానికంటే ఎక్కువమంది ఉన్నారని తెలిసినవాళ్లు ఆ సంగతి మాటువేసిన వాళ్లకు చేర్చలేదు. ఆ ఐదుగురి మధ్య మాట్లాడుకోవడానికి వైర్‌లెస్ సెట్లు లేవు. విమానంలో సిబ్బంది వేషంలో పొంచి ఉండాల్సిన పోలీసులు, ఇది ఆత్మహత్యతో సమానమని తమలో తాము ఓటు వేసుకుని చివరి నిమిషంలో దిగిపోయారు. సాయుధ వాహనాలను ముందే పిలవలేదు, తర్వాత పిలిస్తే ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాయి. మొత్తం 11 మంది ఇజ్రాయెల్ క్రీడాబృంద సభ్యులు చనిపోయారు. ఒక జర్మన్ పోలీసూ చనిపోయాడు.

ఆ దిగిపోయిన పోలీసులను పిరికివాళ్లనడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఎన్నడూ సాధన చేయని పనిని, అప్పటికప్పుడు, చీకట్లో చేయమన్నారు. ధైర్యం చాలావరకు అలవాటులోంచి వస్తుంది. అలవాటు లేనిచోట ఓటింగే జరుగుతుంది. అదే నెలలో జర్మనీ జీఎస్‌జీ 9 అనే ప్రత్యేక దళానికి రూపమిచ్చింది. ఐదేళ్ల తర్వాత, 1977 అక్టోబరులో, సోమాలియాలోని మొగదిషులో హైజాక్ అయిన లుఫ్తాన్సా విమానంలోకి ఆ దళం దూకి, లోపల మిగిలిన 86 మంది బందీలనూ కొద్ది నిమిషాల్లో బయటికి తెచ్చింది. అదే దేశం, అదే పోలీసు జాతి. మధ్యలో ఐదేళ్ల సాధన.

రెండో కథ న్యూయార్క్‌లోది. రిక్ రెస్కోర్లా ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో 1939లో పుట్టాడు. అమెరికా సైన్యంలో చేరి వియత్నాంలో పోరాడాడు. ఆ తర్వాత డీన్ విటర్ అనే ఆర్థిక సంస్థలో భద్రతాధికారి అయ్యాడు. ఆ సంస్థ 1997లో మోర్గాన్ స్టాన్లీతో కలిసింది. ఆఫీసు వరల్డ్ ట్రేడ్ సెంటర్ దక్షిణ టవర్‌లో. 1990లో ఆయన, ఆయన మిత్రుడొకాయన భవనమంతా తిరిగి చూసి, కింద పార్కింగ్‌లోకి ఎవరైనా పేలుడు పదార్థాలున్న లారీ తోలుకొచ్చి స్తంభాల పక్కన నిలిపేయొచ్చని యజమానులను హెచ్చరించారు. ఎవరూ పట్టించుకోలేదు. 1993 ఫిబ్రవరి 26న సరిగ్గా అలాగే పార్కింగ్‌లో ఒక వ్యాను పేలింది. ఆరుగురు చనిపోయారు, వెయ్యి మందికి పైగా గాయపడ్డారు.

ఆ రోజు రెస్కోర్లా గమనించింది పేలుడు ఒక్కటే కాదు, మనుషులను. అరిచినా ఎవరూ వినిపించుకోలేదు. బల్లెక్కి, వినకపోతే ప్యాంటు విప్పేస్తానని బెదిరిస్తే అప్పుడు తలతిప్పి చూశారట! ప్రమాద ఘంట మోగితే జనం పరుగెత్తుతారని మనం అనుకుంటాం. ఎక్కువమంది పరుగెత్తరు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, కంప్యూటర్ ఆపుతారు, బ్యాగు సర్దుకుంటారు, "నిజమేనంటావా?" అని పక్కవాణ్ని అడుగుతారు. పోయే ప్రాణాలు ఆ కాసేపట్లోనే పోతాయి.

ఈసారి దాడిచేసేవాళ్లు ఆకాశంలోంచి వస్తారని రెస్కోర్లా నమ్మాడు. ఆఫీసు న్యూజెర్సీకి మార్చేయండని సంస్థకు చెప్పాడు. లీజు 2006 దాకా ఉంది, కుదరదన్నారు. నాకు ఈ మనిషి నచ్చేది ఇక్కడే. పెద్ద సలహా తోసేశారు కదా, నాకెందుకులే అని చేతులు దులుపుకోలేదు. తన చేతిలో ఏముందో చూసుకున్నాడు. మెట్లు ఉన్నాయి.

మూడు నెలలకోసారి మాక్ డ్రిల్ పెట్టాడు. ఇద్దరిద్దరు జంటగా నడవాలి, మధ్యలో ఆగకూడదు, కిందికే వెళ్లాలి. నిమిషానికి ఎంతెంతో సంపాదించే బ్రోకర్లు ఫోన్లు పెట్టేసి, విసుక్కుంటూ, జోకులేసుకుంటూ మెట్లు దిగారు. ఆయన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లపాటు ఏమీ జరగని పనికోసం జనం చేత తిట్టించుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి. ఒక్కరోజు శౌర్యం చూపించడానికి చాలామంది ముందుకొస్తారు. ఎనిమిదేళ్ల చాదస్తానికి దాదాపు ఎవరూ రారు.

2001 సెప్టెంబరు 11 ఉదయం 8:46కి పక్కనున్న ఉత్తర టవర్‌ని విమానం ఢీకొంది. దక్షిణ టవర్‌లో మైకు మోగింది: మన భవనం క్షేమం, ఎవరి సీట్లలో వాళ్లుండండి. రెస్కోర్లా ఆ మాట లెక్కచేయలేదు. మెగాఫోన్ అందుకుని తన జనాన్ని మెట్ల మీదికి నడిపించాడు. 9:03కి రెండో విమానం దక్షిణ టవర్‌నే ఢీకొంది. అప్పటికి చాలామంది సగం దారిలో ఉన్నారు. భవనం ఊగింది, పొగ వచ్చింది. ఆయన తన ఊరి కార్న్‌వాల్ పాటలు ఎత్తుకున్నాడు, పెద్ద గొంతుతో. దాదాపు 2,700 మంది బయటపడ్డారు. ఇంకెవరైనా మిగిలారేమోనని ఆయన మళ్లీ పైకి వెళ్లాడు. 9:59కి టవర్ కూలింది. ఆ సంస్థ ఆ రోజు 13 మందిని పోగొట్టుకుంది. వాళ్లలో 62 ఏళ్ల రెస్కోర్లా ఒకడు.

అదృష్టం కూడా ఉంది, కాదనను. ఆ సంస్థ అంతస్తులు విమానం తగిలిన చోటుకి కింద ఉన్నాయి. పైన ఉన్నవాళ్లకు ఎంత సాధన ఉన్నా దారి దొరకడం గగనమయ్యేది. ప్రణాళిక అన్ని ప్రాణాలూ కాపాడుతుందని చెప్పేవాళ్ల పుస్తకాలు నేను కొనను. కానీ కిందికి దిగడానికి దారి ఉండి కూడా కుర్చీల్లో కూర్చోవడం వేరే సంగతి. అది అదృష్టం ఖాతాలో వేయడానికి లేదు.

ఈ రెండు కథల్లో అసలు తేడా ఎక్కడుంది? జీబర్ ఊహ రెస్కోర్లా ఊహకేమీ తీసిపోలేదు. ఇంకా సూక్ష్మంగానే ఉంది. కానీ జీబర్ చేతిలో నిర్ణయం లేదు. మ్యూనిక్‌లో ఆ రోజు మంత్రులు, పోలీసు అధికారులు, ఒలింపిక్ పెద్దలు గుంపుగా చర్చించుకుంటూనే ఉన్నారు. న్యూయార్క్‌లో, "మైకు ఏం చెప్పినా, లేవమని నేనంటే లేవాలి" అన్నది ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే ఖాయమైపోయింది. ప్రణాళిక అంటే నా లెక్కలో ఇదే. కంగారు రోజున తీసుకోవాల్సిన నిర్ణయాన్ని నింపాదిగా ఉన్న రోజే తీసేసుకోవడం. ఎవరు చెప్పాలి, ఎవర్ని అడగక్కర్లేదు, తాళంచెవి ఎవరి జేబులో ఉండాలి.

మన దగ్గరా ఈ పాఠం ఖరీదుగానే నేర్చుకున్నాం. 2008 నవంబరు 26 రాత్రి ముంబయిలో ఉగ్రవాదుల దాడి మొదలైనప్పుడు, ఇలాంటి దాడులను ఎదుర్కొనే ఎన్‌ఎస్‌జీ కమాండోలు హర్యానాలోని మానేసర్‌లో ఉన్నారు. వాళ్లకు నేర్పు లేక కాదు, దూరం వల్ల ఆలస్యమైంది. దాడి జరుగుతున్న హోటళ్లలోకి వాళ్లు అడుగుపెట్టేసరికి తెల్లారిపోయింది. మరుసటి ఏడాదే ముంబయి, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్‌లలో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు వెలిశాయి. చూడటానికి ఇది చిన్న మార్పు, మనుషులను ఒకచోటి నుంచి నాలుగుచోట్లకు సర్దారంతే. ప్రణాళికలో చాలాభాగం ఇలాంటి చప్పిడి పనే. ఏది ఎంత దూరంలో ఉంది, ఎంతసేపట్లో అందుతుంది.

ఇక మన గేటు దగ్గరికి వద్దాం. 2005లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం వచ్చింది. మరుసటేడు కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు కొత్త గార్డుకి 100 గంటల పాఠాలు, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలన్నాయి, 20 పనిదినాలకు తగ్గకుండా. మంటలార్పడం, గుంపును అదుపుచేయడం, ప్రథమ చికిత్స, విపత్తులో ఏం చేయాలన్నవి ఆ పాఠాల్లోనే చేర్చారు. పదిహేను మంది గార్డులకు ఒక సూపర్‌వైజర్ ఉండాలన్నారు. మీ గేటు దగ్గర గార్డుని ఒకసారి అడిగి చూడండి, ఎన్ని గంటలు నేర్పారని. మా గార్డుని అడిగితే నవ్వాడు. "యూనిఫాం ఇచ్చారు సార్, గేటు చూపించారు" అన్నాడు.

అతని రోజు చూస్తే ఆ నవ్వు అర్థమవుతుంది. పన్నెండు గంటల డ్యూటీ. రిలీవర్ రాకపోతే ఇంకో పన్నెండు. మధ్యలో పార్శిళ్లు తీసుకోవాలి, మోటారు వేయాలి, కార్లు వెనక్కి తీయించాలి, మొక్కలకు నీళ్లు పోయాలి. కుర్చీలో కునుకు తీస్తే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాం. ఆపద వచ్చిన నిమిషంలో మాత్రం అతను కమాండో అయిపోవాలి. నిద్రలేని మనిషి మీద కట్టిన ప్రణాళిక ఇసుక మీద కట్టిన గోడ. ఏజెన్సీలు నడిపేవాళ్లు ఈ వ్యాసం చదువుతుంటే ఒక్క మాట: కెమెరాల కంటే ముందు రిలీవర్ల లెక్క సరిచూసుకోండి.

మీరు సెక్యూరిటీ సూపర్‌వైజర్ కావచ్చు, బ్యాంకు మేనేజర్ కావచ్చు, ముసలి తల్లిదండ్రులు ఇంట్లో ఉన్న కొడుకో కూతురో కావచ్చు. కొన్ని అలవాట్లు ఈ వృత్తివాళ్ల దగ్గర అరువు తెచ్చుకోదగ్గవి.

భయాన్ని పేరుపెట్టి పిలవండి. "ఏదైనా అయితే?" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. "రాత్రి రెండింటికి నాన్నకి గుండెల్లో నొప్పి వస్తే, లిఫ్ట్ పనిచేయకపోతే?" అన్నదానికి ఉంటుంది. ఏ ఆసుపత్రి, ఎవరి కారు, మందుల చీటీ ఏ డ్రాయరులో, కింది ఫ్లాటులో బలమున్న కుర్రాడెవరు. పది నిమిషాల పని. రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మీరు ఊళ్లో లేనప్పుడు చూసేవాళ్లకు అర్థమయ్యేలా రాయండి. మీకొక్కరికే తెలిసిన ప్రణాళిక, మీ జేబులోనే ఉండిపోయిన తాళంచెవి.

జరగబోయి తప్పిపోయినవాటిని వదలకండి. భద్రతా సిబ్బందికి రిజిస్టర్ ఉండేది ఇందుకే. "రాత్రి 1:20, వెనక గేటు గడియ తీసి ఉంది, వేశాను" అన్న ఒక్క వాక్యం, నెల తిరగకుండా మూడోసారి కనబడితే అది కబురు. కానీ అది రాసినవాణ్ని "నువ్వేం చేస్తున్నావ్ అప్పటిదాకా?" అని కసిరారనుకోండి, నాలుగోసారి రాయడు. రిజిస్టర్ నిండా "అంతా సవ్యం" అని ఉంటే సంతోషించకండి. నేనైతే అలాంటి రిజిస్టర్ చూస్తే భయపడతాను.

ఆపద వేళ మాట పొట్టిగా ఉండాలి. "ఎవరైనా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు, ప్రతివాడూ ఇంకొకడు చేసుంటాడనుకుంటాడు. "ఎర్రచొక్కా బాబూ, నువ్వు 108కి చెయ్యి. చేశాక నాకు చెప్పు." వేలుపెట్టి చూపించండి. ఫోన్‌లో ముందు ఎక్కడో చెప్పండి, తర్వాత ఏం జరిగిందో, ఎంతమందో. లైను తెగిపోయినా చోటు తెలిస్తే బండి బయలుదేరుతుంది. గొంతులో కంగారు మాత్రం రానివ్వకండి. రెస్కోర్లా పాట పాడింది కళాపోషణకి కాదు. నడిపించేవాడి గొంతు వణకడం లేదంటే వెనకవాడి మోకాళ్లు కాస్త నిలబడతాయి.

అయిపోయాక కూర్చుని మాట్లాడుకోండి, అదే రోజు, టీలు తెప్పించుకుని. "ఎవరిది తప్పు?" అని మొదలుపెడితే అందరూ లాయర్లయిపోతారు. "ఎక్కడ ఆగిపోయాం?" అని మొదలుపెట్టండి. మా అపార్ట్‌మెంట్‌లో మేం మొదటి ప్రశ్నతోనే మొదలుపెట్టాం. గంటసేపు సెక్రటరీగారిని తిట్టాం, పాపం ఆయన వీడియోకాల్‌లో వింటున్నారు. చివరికి నోరువిప్పింది పగటి డ్యూటీ గార్డు. ఒంగోలు అవతలి పల్లె నుంచి వచ్చిన మాజీ సైనికుడు, మేమంతా బాబాయ్ అంటాం.

"తాళం సంగతి సరే సార్. పొగొచ్చాక ఎవరు ముందు దిగాలో, మూడో అంతస్తు మామ్మగారిని ఎవరు ఎత్తుకోవాలో అనుకున్నామా?"

అనుకోలేదు.

తర్వాతి నెల రెండో ఆదివారం మొదటి డ్రిల్ పెట్టాం. సగంమంది ఫ్లాట్లలోంచే రాలేదు. ఇడ్లీలు చల్లారిపోతాయన్నారు ఒక పిన్నిగారు. రెండో మెట్లదారిలో ఒక సైకిలు, రెండు సిమెంటు బస్తాలు, ఎవరిదో పాత కూలర్ దొరికాయి. ఇనుప తలుపుకి తాళం తీసి, లోపలి నుంచి గడియ ఒక్కటే పెట్టించాం. అందరూ దిగడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. బాబాయ్ తన ఫోన్‌లో టైము చూసి, రిజిస్టర్‌లో రాసి, ఏమీ అనలేదు. మామ్మగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దించిన ఇద్దరు ఇంజినీరింగ్ కుర్రాళ్లకి మాత్రం సెల్యూట్ కొట్టాడు.

రెండోసారి తొమ్మిది నిమిషాలు. పిన్నిగారు ఇడ్లీ గిన్నెతో సహా దిగొచ్చారు. మామ్మగారు అయితే ముందే చీర సర్దుకుని కుర్చీలో సిద్ధంగా ఉన్నారు.

"తేదీ ముందే చెప్పేస్తున్నాం కదా సార్, అందుకే" అన్నాడు బాబాయ్, సంతోషపడుతున్న నన్ను చూసి. మూడోది ఎప్పుడో ఆయనకీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. డాలస్ నుంచి తిరిగొచ్చిన సెక్రటరీగారు లిఫ్ట్‌లో కలిసినప్పుడల్లా అడుగుతున్నారు.